ఫ్యాక్టరీ అంతస్తులో కాపురం: జెర్సీ సిటీలో ఒక లాఫ్ట్, మూడేళ్ల పని

2019 జనవరిలో ఆ ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు తలుపు తీసినది ఇంటి పెద్దావిడ. రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఆరు వారాలైంది. స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద కోటు. నన్ను కూర్చోబెట్టి ఆమె అడిగిన మొదటి మాట ఇది: "ఇళ్లు గీసే అమ్మాయివట కదా! ఇది ఇల్లా అమ్మా, గోదామా?"

ఆమె అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఆ ఇంటి సుగుణాలన్నీ, ఇబ్బందులన్నీ అది గోదాముగా పుట్టడంలోనే ఉన్నాయి. న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతంలో ఆర్కిటెక్టుగా పాత భవనాల మీద పనిచేస్తున్నాను. లాఫ్ట్ కొనాలా వద్దా అని అడిగే తెలుగు కుటుంబాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే, మొదటి నుంచి చివరి దాకా నా చేతుల మీదుగా నడిచిన ఈ ఒక్క ఇంటి కథ వివరంగా రాయడం మేలనిపించింది. ఆ కుటుంబం అనుమతి ఇచ్చింది. పేర్లు రాయడం లేదు.

లాఫ్ట్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది వంటగదిలో పైన ఉండే సిమెంటు అర. ఇత్తడి గంగాళాలు, పాత సూట్‌కేసులు ఎక్కించే చోటు. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. కర్మాగారంలోనో గిడ్డంగిలోనో అడ్డుగోడలు లేని ఒక పెద్ద అంతస్తును లాఫ్ట్ అంటారు. అందులో మనుషులు కాపురం పెట్టడం ఒక ఉద్యమంలా సాగినది హడ్సన్ నదికి అవతల, మన్‌హాటన్‌లోని సోహోలో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చిన్న పరిశ్రమలు ఒక్కొక్కటే తరలిపోతుంటే, ఖాళీ అయిన అంతస్తుల్లోకి చిత్రకారులు, శిల్పులు చేరారు. అద్దె తక్కువ, వెలుతురు ఎక్కువ, నివాసానికి మాత్రం అనుమతి లేదు. నిప్పంటుకుంటే లోపల మనుషులున్నారని అగ్నిమాపక సిబ్బందికి తెలియాలని గుమ్మం దగ్గర 'ఏ.ఐ.ఆర్.' అని రాసి, ఎన్నో అంతస్తో కూడా వేసేవారు. కళాకారులు నివసిస్తున్నారని ఆ అక్షరాల అర్థం. 1971లో నగరం సోహోలో కళాకారుల నివాసాన్ని చట్టబద్ధం చేసింది. 1982లో న్యూయార్క్ రాష్ట్రం లాఫ్ట్ చట్టం తెచ్చి, అలాంటి భవనాలను నివాస ప్రమాణాలకు తీసుకురావలసిన బాధ్యతను యజమానుల మీద పెట్టింది. ఇప్పుడు ఆ పేటలో సామాన్య చిత్రకారుడు అద్దెకు ఉండే పరిస్థితి లేదు. నదికి ఇవతల జెర్సీ సిటీలోనూ పాత ఫ్యాక్టరీలు అదే బాటలో ఇళ్లుగా మారాయి.

భవనం

ఐదు అంతస్తుల ఇటుక కట్టడం. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో కట్టినది, 1980ల్లో చట్టప్రకారం ఇళ్లుగా మార్చినది. మా క్లయింట్ల ఇల్లు మూడో అంతస్తులో సగభాగం: 1,600 చదరపు అడుగులు, పదమూడు అడుగుల ఎత్తు. బయటి గోడలు పదహారు అంగుళాల మందం. లోపల పన్నెండు అంగుళాల చదరపు చెక్క స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద మూడు అంగుళాల పలకలు, ఆపైన అంగుళం మందాన మేపుల్ చెక్క.

ఈ కట్టుబడి న్యూ ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో రూపుదిద్దుకుంది. మిల్లులు తరచూ తగలబడుతుంటే బీమా సంస్థలు దీన్ని ప్రోత్సహించాయి. సన్నని వాసాలు చితుకుల్లా అంటుకుంటాయి. లావైన దుంగ అయితే పైన బొగ్గు కట్టి, లోపలికి గంటకు సుమారు అంగుళంన్నర చొప్పున మాత్రమే కాలుతుంది. ఆలోగా మనుషులు దిగిపోవచ్చు. చెక్క ఇల్లంటే భయపడేవారికి నేను ముందుగా చెప్పేది ఇదే.

దంపతులు ఈ ఇంటిని ఎంచుకోవడానికి ఒక సొంత కారణం ఉంది. భార్య కూచిపూడి నర్తకి. పదహారు అడుగుల మేర స్తంభం అడ్డం లేని చోటు, కాలికి హాయినిచ్చే చెక్క నేల, అద్దంలా పడే ఉదయపు వెలుతురు చూసి ఒక్క సాయంత్రంలో నిర్ణయించుకున్నారు. అప్పటికి వారి పాపకు రెండేళ్లు.

ఇక్కడ ముందు ఏం తయారయ్యేది?

ఏ లాఫ్ట్‌కు వెళ్లినా నా మొదటి ప్రశ్న ఇది. అద్దె, ధర, మెట్రో దూరం ఆ తర్వాతే. జవాబు దొరికే చోటు కూడా ఉంది: అగ్నిప్రమాద బీమా కోసం గీసిన పాత శాన్‌బోర్న్ పటాలు. ఏ భవనంలో ఏ వ్యాపారం జరిగేదో, గోడ ఇటుకదో చెక్కదో రంగులతో సహా అందులో ఉంటుంది. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వాటిలో చాలావాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది.

ఎందుకింత పట్టుదల అంటే, పక్క ఊరు హోబోకెన్‌లో జరిగిన సంగతి నేను మరచిపోలేను. గ్రాండ్ స్ట్రీట్ మీద ఒక పాత కర్మాగారంలో ఒకప్పుడు పాదరస ఆవిరి దీపాలు తయారయ్యేవి. 1990ల తొలి ఏళ్లలో కొందరు కళాకారులు కలిసి దాన్ని కొని, లాఫ్టులుగా మార్చుకుని, పిల్లలతో సహా కాపురం పెట్టారు. 1995లో మరమ్మతుల కోసం నేల తెరిస్తే అడుగున పాదరసం బొట్లు బొట్లుగా కనిపించింది. పరీక్ష చేయించుకున్న నివాసుల్లో ఎక్కువమంది మూత్రంలో అది ఉండవలసినదానికి మించి తేలింది. 1996 జనవరిలో అందరినీ ఖాళీ చేయించారు. 1997లో ఆ స్థలం, విషపదార్థాలతో కలుషితమైన చోట్లను శుభ్రం చేయించే ప్రభుత్వ సూపర్‌ఫండ్ జాబితాలో చేరింది, భవనాన్ని చివరికి కూల్చివేశారు. కొన్నవారు అమాయకులు. చూడ్డానికి అది అందమైన చెక్క నేల. ఆ చెక్కల సందుల్లో ఏముందో కంటికి తెలియదు.

మా భవనం పటంలో మొదట అట్టపెట్టెల తయారీ, తర్వాత ముద్రణాలయం అని ఉంది. అచ్చు అక్షరాలు పోసే లోహంలో ప్రధానం సీసం. పెద్దావిడకు ఈ మాట చెప్పగానే మనవరాలిని నేల మీద నుంచి ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. నేల దుమ్ము, స్తంభాల రంగు నమూనాలు ప్రయోగశాలకు పంపాం. స్తంభాల మీది పాత పొరల్లో సీసం ఉంది. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగును 1978లో నిషేధించారు, ఆ పొరలు అంతకు ముందువి. నేల సందుల దుమ్ములోనూ పరిమితికి మించి ఉంది. మేం పరీక్ష చేయించిన 2019లోనే కేంద్ర పర్యావరణ సంస్థ నేల దుమ్ములో సీసం ప్రమాణాన్ని చదరపు అడుగుకు 40 మైక్రోగ్రాముల నుంచి 10కి తగ్గించింది. చంటిపిల్లలు నేల మీద పాకుతూ చేతులు నోట్లో పెట్టుకుంటారు. అందుకే ఇంత చిన్న అంకె.

రంగును ఇసుక కాగితంతో గీకనివ్వలేదు. గీకితే విషం గాలిలో కలుస్తుంది. రసాయన లేపనం పూసి, మెత్తబడ్డాక తడిగానే ఊడదీశారు. సందులను సన్నని వడపోత ఉన్న వాక్యూమ్‌తో శుభ్రం చేసి పూడ్చారు. ఆ మూడు వారాలు కుటుంబం ఎడిసన్‌లో బంధువుల ఇంట్లో ఉంది. పాప రక్తపరీక్ష ఫలితం బాగానే వచ్చింది. అది వచ్చిన రోజున నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

పదిలం కోసం రెండో ప్రశ్న నీటి గురించి. పాత కర్మాగారాలు సరుకు రవాణా కోసం రేవుకు, రైలుకు దగ్గరగా వెలిశాయి. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు హోబోకెన్, జెర్సీ సిటీల పల్లపు వీధులు నీట మునిగాయి. మూడో అంతస్తు తడవదు, కానీ కరెంటు మీటర్లు, లిఫ్టు మోటారు నేలమాళిగలో ఉంటే ఇల్లు పొడిగా ఉండీ పనికిరాదు. ఈ భవనంలో తుపాను తర్వాత వాటిని పై అంతస్తుకు మార్చారు. అది చూశాకే మిగతా పని మొదలుపెట్టాను.

అడుగుల చప్పుడు

అన్నిటికంటే ఎక్కువ కాలం, ఎక్కువ ఆలోచన తీసుకున్నది నాట్యం. కింది ఇంట్లో ఉన్నది రాత్రి డ్యూటీ చేసే నర్సు. శనివారం ఉదయం ఎనిమిదికి వచ్చి పడుకుంటారు. తొమ్మిదికి పైన నాట్యపు అడుగులు మొదలు. మొదటి నెలలోనే ఆయన పైకి వచ్చి, మర్యాదగానే, తన ఇంట్లో నిలబడి ఒకసారి వినమని మా నర్తకిని కోరారు. ఆమె విన్నారు. నాకు ఫోను చేసినప్పుడు గొంతు పూడుకుపోయింది. "ఆయన స్థానంలో నేనుంటే పోలీసులకు చెప్పి ఉండేదాన్ని" అన్నారు.

సాధారణ అపార్టుమెంటులో నేలకు, కింది ఇంటి సీలింగుకు మధ్య ఖాళీ, చప్పుడును పీల్చే దూదిలాంటి పొర ఉంటాయి. లాఫ్ట్‌లో కింది ఇంటివారికి సీలింగు అంటే పై ఇంటి నేల పలకల అడుగుభాగమే. ఆ దూలాలు కనిపించాలనే వారు డబ్బు పోసి కొనుక్కున్నారు; వాటిని కప్పమని అడిగే హక్కు మాకు లేదు. చేయగలిగినదంతా పైనుంచే చేయాలి. పైనుంచి చేయడమంటే బరువు మోపడం, నేల ఎత్తు పెంచడం.

గోదాముగా పుట్టిన గుణం ఇక్కడ మమ్మల్ని ఆదుకుంది. ఇళ్ల అంతస్తులను మామూలుగా చదరపు అడుగుకు 40 పౌండ్ల చలభారానికి, అంటే మనుషులు, సామాన్ల బరువుకు లెక్కగడతారు. తేలికపాటి కర్మాగారానికి అది 125. ముద్రణ యంత్రాలు మోసిన నేల మీద అంగుళంన్నర జిప్సం కాంక్రీటు పోస్తే అదనంగా పడేది చదరపు అడుగుకు 14 పౌండ్లు మాత్రమే. మామూలు చెక్క ఇంట్లో ఈ ఆలోచనకే తావుండదు. అయినా స్ట్రక్చరల్ ఇంజనీరు ప్రతి దూలాన్నీ తట్టి చూశారు. ఒకచోట పాత యంత్రపు ఇరుసు కోసం దూలాన్ని గాడి కోశారని తేలితే, అక్కడ ఉక్కు పట్టీలు బిగించాక గానీ ముందుకు వెళ్లలేదు. ఎవరైనా 'ఫ్యాక్టరీ నేల కదా, ఏమైనా మోస్తుంది' అంటే నమ్మవద్దు. వంద ఏళ్లలో ఎవరు ఎక్కడ కోశారో చూడాలి.

చివరికి వేసిన వరస ఇది: పాత మేపుల్ మీద రబ్బరు పరుపు, దాని మీద జిప్సం కాంక్రీటు. నాట్యం చేసే, ఒకవైపు పద్నాలుగు అడుగులు, మరోవైపు పద్దెనిమిది అడుగులు ఉన్న చోట మాత్రం ఆపైన రబ్బరు దిమ్మల మీద నిలిచే చెక్క వేదిక. గోడలకు ఎక్కడా ఆనుకోదు. మొత్తం నాలుగు అంగుళాలకు పైగా లేచింది. పదమూడు అడుగుల ఎత్తున్న ఇంట్లో నాలుగు అంగుళాలు పోతే తెలియదు. ఎనిమిది అడుగుల ఇంట్లో అయితే తల మీద భారంలా ఉండేది.

ఫలితం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. గజ్జెల గలగల, పాదం చరుపు కిందికి దాదాపు పూర్తిగా ఆగిపోయాయి. దుమికి దిగినప్పుడు వచ్చే మంద్రమైన దిమ్ముమనే శబ్దం తగ్గింది కానీ పోలేదు. ఇక్కడి నియమాల్లో అడుగుల చప్పుడుకు ఇచ్చే మార్కులను 100 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనులతోనే లెక్కిస్తారు. చెక్క కట్టడాల్లో మనుషులను బాధించే ధ్వని చాలావరకు అంతకు కిందే ఉంటుంది. అంటే కాగితం మీద మార్కులు బాగా వస్తాయి, కింద పడుకున్నవారికి నిద్ర రాదు. మిగిలినది ఒప్పందంతో పూడ్చుకున్నారు: నర్సు తన డ్యూటీల పట్టిక నెలకోసారి పంపుతారు, దాన్ని బట్టి ఆమె సాధన వేళలు మారుతాయి.

చలి, మంట, మాట

ఇల్లు ఎందుకు అంత చల్లగా ఉందో పెద్దావిడకు లెక్కవేసి చూపించాను. ఐదు కిటికీలు, ఒక్కొక్కటీ ఎనిమిది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు. ఉక్కు చట్రంలో ఒంటిపొర గాజు. మొత్తం 33 చదరపు మీటర్లు. బయట సున్నాకు 5 డిగ్రీలు తక్కువ, లోపల 20 డిగ్రీలు ఉంటే ఆ గాజులోంచి పోయే వేడి దాదాపు 4,700 వాట్లు. మన ఇళ్లలో స్నానాల గదికి పెట్టే రెండు కిలోవాట్ల గీజర్లు రెండింటిని రేయింబవళ్లు వీధిలోకి తిప్పి పెట్టినదానికంటే ఎక్కువ. ఇక లోపల మిగిలిన వేడి కూడా పైకి ఎక్కి దూలాల మధ్య కూర్చుంటుంది. నేల మీద కూర్చుని జపం చేసుకునే మనిషికి అది అందదు.

కిటికీలు మార్చాలంటే భవన సంఘం అనుమతి కావాలి. బయటి రూపం చెడకూడదు. పాత గళ్ల పద్ధతిలోనే జంట పొర గాజుతో చేయించడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. మొత్తం ఖర్చులో పెద్ద పద్దు అదే. వేడి నష్టం మూడో వంతుకు దిగింది. అప్పటిదాకా నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను పెట్టి పైనున్న వేడిని కిందికి దింపాం.

గోడలకు లోపలి నుంచి వేడి పోకుండా దూదిలాంటి పొర వేయమని చాలామంది సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. పాత ఇటుక మెత్తనిది. ఇంటి వేడి దానికి తగలకుండా చేస్తే, లోపల చేరిన తడి గడ్డకట్టి ఇటుక పొరలు పొరలుగా రాలే ప్రమాదం ఉంది. దర్జులు, అంటే ఇటుకల మధ్య అతుకులు కూడా అంతే: డంగు సున్నంతో కట్టిన మన పాత మేడలకు సిమెంటు పూస్తే ఇటుక ఎలా తినుకుపోతుందో, ఇక్కడా అలాగే పోతుంది. సున్నం దర్జుకు సున్నమే పెట్టాలి.

2020 మార్చి తర్వాత ఇంట్లో అందరూ ఒకే గదిలో పడ్డారు. భర్తకు హైదరాబాదు బృందంతో రాత్రి సమావేశాలు, ఆమెకు ఆన్‌లైన్ నాట్య తరగతులు, పాపకు ఆటలు. తలుపున్న గది స్నానాల గది ఒక్కటే. దాదాపు 590 ఘనపు మీటర్ల గాలి, చుట్టూ ఇటుక, గాజు, చెక్క. అన్న మాట పూర్తిగా ఆరిపోవడానికి రెండు సెకన్లకు పైగా పట్టేది. మాటలు స్పష్టంగా వినబడాలంటే అది 0.8 సెకన్ల దగ్గర ఉండాలి. గదిలో ధ్వని ఎంతసేపు మోగుతుందో లెక్కగట్టే సబీన్ సూత్రం ప్రకారం ధ్వనిని పీల్చే ఉపరితలం మరో 70 చదరపు మీటర్లు కావాలి. దూలాలను కప్పకుండా వాటి నడుమ చెక్కనార పలకలు బిగించాం. ఒక గోడ పొడవునా పుస్తకాల అరలు, కిటికీలకు బరువైన ఉన్ని తెరలు వచ్చాయి. ఇల్లు మొదటిసారి నిశ్శబ్దంగా ఉందని పెద్దావిడ ఫోనులోనే గుర్తుపట్టారు.

ఆవిడ గది సంగతి చెప్పాలి. మొదటి యజమాని కట్టిన నిద్రగది గోడ ఎనిమిది అడుగుల దగ్గర ఆగిపోయి, పైన ఖాళీగా ఉండేది. ఫొటోల్లో అది చాలా బాగుంటుంది. కానీ కొడుకు అర్ధరాత్రి మాట్లాడే ప్రతి మాటా, వెలిగించే ప్రతి దీపమూ ఆ గోడ మీదుగా ఆమె మంచం మీద పడేవి. ఆరు నెలలు ఉందామని వచ్చిన మనిషి రెండు నెలలకే తిరిగి వెళ్లిపోతానన్నారు. గోడను దూలాల దాకా లేపి, పై భాగంలో మందపాటి గాజు పెట్టాం. మధ్య భాగానికి వెలుతురు ఆగలేదు, మాట ఆగింది. సగం గోడలను నేను ఇక ఎవరికీ గీయను.

వంటగదికి వస్తే, గోడలు లేని ఇంట్లో ఎండుమిర్చి పోపు అందరి కళ్లలోనూ పడుతుంది. పొగను వడకట్టి తిరిగి గదిలోకే వదిలే చిమ్నీ ఉండేది. పోపు వేసే ఇంట్లో అది ఉన్నా లేనట్టే. ముఖభాగంలో రంధ్రం చేయడానికి అనుమతి లేదు. కిటికీ మార్చేటప్పుడు పై వరసలో ఒక గాజు గడి స్థానంలో లోహపు పలక వేయించి, గొట్టం అందులోంచి బయటికి పంపాం. గట్టిగా లాగే చిమ్నీ పెడితే అంత గాలీ లోపలికి వచ్చే దారి కూడా ఉండాలి. ఆ దారి లేక తలుపు సందుల్లోంచి చలిగాలి పీల్చే ఇళ్లు చాలా చూశాను.

ఏది నిలిచింది

ఇన్ని చిక్కులూ చెప్పి, ఆ ఇల్లు నాకు ఎందుకు ఇష్టమో చెప్పకపోతే అబద్ధమవుతుంది. కరెంటు దీపాలను నమ్ముకోని కాలపు అలవాటుతో కట్టిన కిటికీలవి. డిసెంబరులో జెర్సీ ఆకాశం బూడిదరంగులో ఉన్న రోజుల్లోనూ ఆ ఇంట్లో మధ్యాహ్నం దాకా దీపం అక్కర్లేదు. చలికాలంలో తులసి మొక్క బతికి ఉన్న ఇల్లు నా క్లయింట్లలో ఇదొక్కటే. 2022 సంక్రాంతికి కిటికీ అరుగుల పొడవునా బొమ్మల కొలువు పెట్టారు; ఎనిమిది అడుగుల అరుగులు ఐదు. పాప ఇంట్లోనే సైకిలు నేర్చుకుంది. అపార్టుమెంటులో ఆమె తల్లికి దొరకనిది, నెలనెలా హాలు అద్దెకు తీసుకున్నా దొరకనిది, ఇంట్లోనే ఒక రంగస్థలం. ఇద్దరే ఉన్నవారికి, ఇంట్లో చేతిపనో కళో చేసుకునేవారికి, వేళలు కలిసేవారికి లాఫ్ట్‌ను మించినది లేదు. పెద్దవాళ్లు నెలల తరబడి వచ్చి ఉండే ఇంటికి, రాత్రి పనులున్న ఇంటికి, ముందుగా గోడల ఖర్చు కలుపుకుని ధర చూడమంటాను.

2022 చివర్లో పెద్దావిడ మళ్లీ వచ్చారు. ఒక శాలువాతో ఉన్నారు. గోదాము మాట ఎత్తలేదు కానీ, గుడ్డలు ఆరేయడానికి ఒక దండెం కట్టే చోటు కూడా లేదని అన్నారు. నిజమే, బాల్కనీ లేదు.

ఇక మిగిలినది పాప గది. ఇప్పుడు తల్లిదండ్రుల దగ్గరే పడుకుంటోంది; పదేళ్లు వచ్చేసరికి తన తలుపు తనకు కావాలి. భవనం లోతు డెబ్బై అడుగులు, కిటికీలన్నీ ఒకే వైపు. ఐదింటిలో రెండు నాట్యానికి, ఒకటి వంటకు, ఒకటి తల్లిదండ్రులకు, ఒకటి నాయనమ్మకు పోయాయి. కిటికీ లేని గదిని నిద్రగది అని నేను గీయను. నాట్యం దగ్గరి రెండో కిటికీని పాపకు ఇస్తే వేదిక పదడుగులకు కుదించుకుపోతుంది. పాప తల్లి ఆ నక్షాను రెండుసార్లు చూసి, మడిచి, ఇంకా సమయం ఉందన్నారు.